పరిచర్యా చరిత్ర, పండ్రెండవ ప్రకరణము: భుజముపై ఒక నక్షత్రము

మొదటి ప్రపంచయుద్ధము ముగియుటకు కొద్ది నెలలు ముందుగా, 1918లో, అమెరికా సైన్యము తన నర్సులకై స్వయముగా ఒక పాఠశాలను నెలకొల్పిన వృత్తాంతమును, దానికి ప్రథమ డీనుగా పనిచేసిన ఆనీ గుడ్రిచ్ అటుపిమ్మట 1923లో యేల్ విశ్వవిద్యాలయపు నర్సింగు విద్యాలయమునకు మొదటి డీనైన సంగతిని గత ప్రకరణమున ముచ్చటించుకొంటిమి. సైనిక వైద్యశాలకును విశ్వవిద్యాలయమునకును నడుమ గుడ్రిచ్ వేసిన బాట మీదుగా, అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, మఱియొక స్త్రీ నడచి, ఆ బాటను శాసనసభా మందిరముల గుమ్మము వఱకు పొడిగించెను. ఆమె హేజెల్ జాన్సన్ బ్రౌన్. అమెరికా సైన్యమున జనరల్ పదవి నలంకరించిన ప్రథమ నల్లజాతి వనిత.

ఆమె కథలోనికి పోవుటకు ముందు, ఈ వృత్తిని పుట్టినది మొదలు పీడించుచున్న ఒక వైపరీత్యమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. రోగి పడక ప్రక్కన రేయింబవళ్ళు నిలుచునది నర్సు. జ్వరము హెచ్చినను, కట్టు తడిసినను, ఊపిరి తడబడినను ముందుగా గుర్తింపవలసినది నర్సు. గుర్తింపనిచో నింద మోయవలసినదియు నర్సే. కాని వార్డునకు ఎందఱు నర్సులుండవలెనో, వారు ఏమి చదువవలెనో, వారి మాటకు ఎంత విలువ యుండవలెనో నిర్ణయించు సభలలో ఆమెకు పీట లేదు. బాధ్యత యంతయు ఒకరిది, అధికారము వేఱొకరిది. ఫ్లారెన్స్ నైటింగేల్ ఈ చిక్కును మొదటనే పసిగట్టినది. క్రిమియా యుద్ధమునుండి 1856లో తిరిగివచ్చిన ఆమె దీపము పట్టుకొని తిరిగిన కీర్తితో తృప్తిపడి యూరకుండక, మఱుసటి సంవత్సరమే సైనికుల ఆరోగ్యస్థితిపై రాజవిచారణ సంఘము ఏర్పడునట్లు చేసి, 1860లో లండనులోని సెయింట్ థామస్ వైద్యశాలయందు నర్సుల పాఠశాలను తెఱపించెను. సైన్యము, శాసనము, విద్య యను మూడు త్రోవలును నాడే ఒకచోట కలిసినవి. కాని సైన్యమున నైటింగేల్‌కు ఏ హోదాయు లేదు. ఆమె పలుకుబడియంతయు ఆమె వంశము, స్నేహములు, లేఖిని తెచ్చి పెట్టినదే.

పలుకుబడి వేఱు, పదవి వేఱు. ఈ భేదమును అమెరికా సైనిక నర్సులు యాభై యేండ్లు అనుభవించి తెలిసికొనిరి. 1901 ఫిబ్రవరి 2వ తేదీన సైన్యమునకు అనుబంధముగా నర్సుల దళము ఏర్పడినప్పుడు వారు అధికారులును గారు, సిపాయిలును గారు. త్రిశంకు స్వర్గమే వారి నివాసము. 1920లో వారికి ‘సాపేక్ష హోదా’ అను వింత సత్కారము జరిగెను. అనగా లెఫ్టినెంటు మొదలు మేజరు వఱకు బిరుదులు ధరింపవచ్చును గాని, ఆ బిరుదుగల పురుషుడు పొందు జీతముగాని, సంపూర్ణాధికారముగాని వారికి చెందవు. రెండవ ప్రపంచయుద్ధపు నిప్పుల నడుమ 1944లో తాత్కాలికముగా నిజమైన హోదా లభించెను. 1947 ఏప్రిలులో చేసిన చట్టముతో అది శాశ్వతమయ్యెను. ఐనను స్త్రీ జనరల్ కారాదను గోడ 1967 నవంబరు వఱకు నిలిచియే యుండెను. అది కూలిన పిమ్మట, 1970 జూన్ 11వ తేదీన, నర్సుల దళాధిపతియైన ఆనా మే హేస్ బ్రిగేడియర్ జనరల్ అయినది. సైన్యమునందలి గొప్పతనము గాని, క్రౌర్యము గాని ఇందే యున్నది: సంఘము గొణుగుచు దాచుకొనెడి అంతస్తుల లెక్కను అది భుజముమీద లోహముతో వ్రాసి చూపును.

ఇది స్త్రీలందఱ కథ. నల్లజాతి నర్సుల కథ దీనికంటెను దుర్భరమైనది.

హేజెల్ జాన్సన్ 1927 అక్టోబరు 10వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రములోని వెస్ట్ చెస్టర్‌లో జన్మించెను. ఏడుగురు సంతానములో ఒకతె. సమీపమునగల మాల్వర్న్ ప్రాంతమున, సేద్యముతో ముడివడిన కుటుంబమున పెరిగినది. పల్లెపట్టుల తిరిగి ఆరోగ్యము విచారించు ఒక నర్సు ఆ బాలిక కంటికి ఆదర్శమయ్యెను. నర్సు కావలెనని నిశ్చయించుకొని తన యింటికి దగ్గఱలోనున్న నర్సింగు పాఠశాలకు దరఖాస్తు పెట్టుకొనగా, వారు ఆమె చదువును చూడలేదు, చర్మమును చూచిరి. అది దక్షిణ రాష్ట్రము గాదు. బానిసత్వమును మొదటనే నిరసించినదని పేరొందిన క్వేకర్ల గడ్డ. ద్వేషమునకు దిక్కులు లేవనుటకు ఇంతకంటె తార్కాణ మేల?

ఆమె న్యూయార్కు నగరమునకు పోయి హార్లెమ్ వైద్యశాల పాఠశాలలో చేరెను. ఆ పాఠశాల యొక్క పుట్టుకయే ఒక నిరాకరణము నుండి జరిగినది. నగరములోని నర్సింగు పాఠశాలలలో అధికభాగము నల్లజాతి కన్యలకు తలుపులు మూసియుంచుటచేత, వారికై 1923లో దానిని తెఱవవలసివచ్చెను. దయవలన కాక అవసరము వలన పుట్టిన ఆ విద్యాలయమున ఆమె 1950లో శిక్షణ ముగించి, అక్కడి వైద్యశాలలోనే కొంతకాలము పనిచేసెను. అహోరాత్రములు గాయపడినవారు, ప్రసవవేదన పడువారు, మత్తున తూలువారు వచ్చి పడు బీదల వాడలోని వైద్యశాల అది. అట్టిచోట నేర్చిన పని చేతికి అంటుకొని జీవితాంతము విడువదు. పిమ్మట 1953లో ఫిలడెల్ఫియాలోని మాజీ సైనికుల వైద్యశాలలో చేరినది.

ఈ లోపల ఆమె ఎఱుగకయే ఆమె కొఱకు ఇతరులొక యుద్ధము గెలిచి యుంచిరి. 1941లో అమెరికా సైన్యము నల్లజాతి నర్సులను చేర్చుకొందునని ప్రకటించుచు వారికి నిర్ణయించిన సంఖ్య యెంతయో తెలిసిన పాఠకులు నివ్వెరపోవుదురు: 56. వేలకొలది నర్సులు కావలెనని దేశమంతయు గోడపత్రికలంటించిన కాలమది. చేర్చుకొన్న కొలదిమందిని గూడ నల్లజాతి సైనికుల వార్డులకును, కొన్నిచోట్ల జర్మను యుద్ధఖైదీల శిబిరములకును పంపిరి. స్వదేశపు తెల్ల సైనికుని తాకదగని చేయి శత్రుదేశపు ఖైదీని తాకవచ్చునట! బార్బడోస్ ద్వీపమున పుట్టి, నల్లజాతి పట్టభద్ర నర్సుల జాతీయ సంఘమునకు కార్యదర్శినియైన మేబెల్ స్టాపర్స్ ఈ లెక్కను సహింపలేకపోయెను. ఆమె సైన్యాధికారులను కలిసెను, పత్రికలకు వ్రాసెను, 1944 నవంబరులో అధ్యక్షుని భార్యయైన ఎలినార్ రూజ్‌వెల్టును చూచి సంగతి విన్నవించెను. 1945 జనవరిలో, నర్సులు చాలకున్నారు గనుక వారిని నిర్బంధముగా సైన్యములో చేర్చుకొను చట్టము కావలెనని అధ్యక్షుడు కోరగా, స్టాపర్స్ వేసిన ప్రశ్న ఒక్కటే: చేరుదుమని గుమ్మమున నిలిచిన నల్లజాతి నర్సులు వేలకొలది యుండగా నిర్బంధమెందులకు? ఆ ప్రశ్నకు జవాబు లేదు. దేశము నలుమూలలనుండి తంతివార్తలు, లేఖలు వెల్లువగా వచ్చిపడినవి. ఆ నెలలోనే సైన్యము సంఖ్యా నిర్బంధమును ఎత్తివేసెను. మూడేండ్ల పిమ్మట, 1948 జులై 26వ తేదీన, అధ్యక్షుడు ట్రూమన్ సేనయందు వర్ణభేదము పాటింపరాదని 9981వ సంఖ్యగల ఉత్తరువు జారీచేసెను.

కావున 1955లో హేజెల్ జాన్సన్ సైన్యములో చేరునాటికి కాగితము మీద ద్వారము తెఱచియుండెను. ఆ యేటనే మఱియొక ద్వారమును తెఱచుకొనుట గమనింపదగినది: శాసనసభ్యురాలైన ఫ్రాన్సెస్ బోల్టన్ పట్టుదలచే పురుషులకును సైనిక నర్సులుగా ప్రవేశము లభించెను. ఏండ్ల తరబడి వార్డులలో పనిచేసి నిరూపించుకొన్నను మాఱని నియమము ఒక్క చట్టముతో మాఱునని చెప్పుటకు ఆ సంవత్సరమే సాక్షి.

మొదట వాషింగ్టనులోని వాల్టర్ రీడ్ వైద్యశాలలోను, పిదప జపానులోను పనిచేయుచున్నను, ఆమెకు తన చదువు చాలదను అసంతృప్తి పోలేదు. నాటి నర్సులలో అధికసంఖ్యాకులు వైద్యశాలలు నడపు పాఠశాలల నుండి డిప్లొమా పొందినవారే. అందు శిక్షణ ఎంతో, వెట్టిచాకిరి అంత. విశ్వవిద్యాలయపు పట్టము పొందిన నర్సు అరుదు. హేజెల్ 1959లో విల్లనోవా విశ్వవిద్యాలయమున పట్టభద్రురాలై, 1963లో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కళాశాలలో మాస్టర్స్ పట్టము పుచ్చుకొనెను. 1907లో అడిలెయిడ్ నట్టింగ్, ప్రపంచమున నర్సులలో మొట్టమొదటి ఆచార్యురాలిగా, పీఠమెక్కిన కళాశాల అదియే. మన గుడ్రిచ్ పాఠములు చెప్పినదియు అచ్చటనే. ఒక నదికి ఎన్ని రేవులున్నను నీరొక్కటే యైనట్లు, ఈ వృత్తిని విద్యగా మార్చినవారిలో పలువురు ఏదో యొకనాడు ఆ కళాశాల మెట్లెక్కినవారే.

శస్త్రచికిత్సాగారము ఆమె ప్రత్యేక విషయము. కత్తిపట్టు వైద్యుని కీర్తి లోకమెఱుగును. ఆ కత్తి క్రిమిరహితముగా నుండుటకు ఎవరెంత శ్రమపడిరో లోకమెఱుగదు. పట్టణపు వైద్యశాలలో ఆవిరిపాత్రలో పెట్టి మీట నొక్కిన పని జరిగిపోవును. కాని అడవిలో, బురదలో, ఫిరంగి మ్రోతల నడుమ నీరేది? విద్యుత్తేది? వియత్నాం యుద్ధమున అమెరికా సైన్యము ఒక క్రొత్త యేర్పాటు చేసెను: గాలితో ఉబ్బించి నిలబెట్టు రబ్బరు గుడారములు, వానికి విద్యుత్తు, నీరు, చల్లగాలి అందించు యంత్రము, అన్నియు విమానములలో మోసికొనిపోయి ఎక్కడ కావలసిన అక్కడ దింపదగిన సంచార వైద్యశాల. 1966లో తాయ్ నిన్ వద్ద మొదటిసారిగా దానిని వాడిరి. అట్టి వైద్యశాలలకు క్రిమినాశన పరికరములను తీర్చిదిద్దు పరిశోధన కార్యమును 1967 మొదలు 1973 వఱకు సైనిక వైద్యపరిశోధన విభాగమున హేజెల్ జాన్సన్ నిర్వహించెను. ఇంజనీరు యంత్రమును గీయగలడు. దానిని అర్ధరాత్రి చీకటిలో, చేతులు నెత్తుటితో జారుచుండగా, తొందరలో ఎవరు ఎట్లు వాడుదురో చెప్పగలది ఆ పని చేసిన నర్సు మాత్రమే. నర్సు జ్ఞానము వైద్యుని జ్ఞానమునకు నకలు గాదు, అది వేఱొక జ్ఞానము అను సత్యము నాకు ఈ ఆరు సంవత్సరముల ఘట్టములో కనబడినంత స్పష్టముగా మఱెక్కడను కనబడలేదు.

పిమ్మట సైన్యము ఆమెను బోధనలో నియోగించెను. 1976 మొదలు 1978 వఱకు వాల్టర్ రీడ్ సైనిక నర్సింగు విద్యాసంస్థకు ఆమె నాయకురాలు. 1964లో ప్రారంభమైన ఆ సంస్థ నాడు అనుసరించిన పద్ధతి వినదగినది. విద్యార్థి మొదటి రెండేండ్లు తనకు నచ్చిన కళాశాలలో చదువును. కడపటి రెండేండ్లు వాల్టర్ రీడ్‌లో, మేరీలాండ్ విశ్వవిద్యాలయపు పర్యవేక్షణమున, నర్సింగు నేర్చి ఆ విశ్వవిద్యాలయపు పట్టమే పొందును. వ్యయము సైన్యము భరించును. అందుకు ప్రతిఫలముగా నియతకాలము సైన్యమున సేవచేయవలెను. గుడ్రిచ్ స్వప్నమునకు ఇది అర్ధశతాబ్ది పిమ్మటి రూపము. ఇతరులకు విద్య నేర్పుచునే హేజెల్ తన విద్యను సాగించి, 1978లో, యాభైయేండ్ల ప్రాయమున, అమెరికా కాథలిక్ విశ్వవిద్యాలయము నుండి విద్యాపరిపాలనలో డాక్టరేటు గడించెను. తరువాత దక్షిణ కొరియాలో ప్రధాన నర్సుగా పోయి వచ్చెను.

1979 సెప్టెంబరు 1వ తేదీన ఆమె నర్సుల దళమునకు పదునాఱవ అధిపతియై బ్రిగేడియర్ జనరల్ నక్షత్రమును భుజమున ధరించెను. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్. సైన్యశాఖా కార్యదర్శి క్లిఫర్డ్ అలెగ్జాండర్, ఆ పదవి నధిష్ఠించిన మొదటి నల్లజాతీయుడు. దళాధిపతులలో డాక్టరేటు గలవారు అంతకుముందు లేరు. సుమారు 7,000 మంది నర్సులును, ఎనిమిది మహావైద్యశాలలును, 56 సాధారణ వైద్యశాలలును, 143 చికిత్సాలయములును ఆమె అధికార పరిధిలోనివి. అవి అమెరికాలోనే గాక జపాను, కొరియా, జర్మనీ, ఇటలీ, పనామా దేశములయందును వ్యాపించి యుండెను. ఇంటి దాపున ఒక పాఠశాలలో విద్యార్థినిగా కూర్చుండుటకు నోచుకొనని బాలిక, మూడు దశాబ్దులలో, ఎన్నో వైద్యశాలల పరిచర్యను నిర్ణయించు ఆసనమున కూర్చుండెను.

కాని ఆ ఆసనము పూలపానుపు గాదు. 1973లో నిర్బంధ సైనికసేవ రద్దైన పిమ్మట ఎవరిని చేర్చుకొనవలసినను వారి యిష్టమును సంపాదింపవలసి యుండెను. దేశమున నర్సుల కఱవు వేఱొకటి. ఆమె తలపెట్టిన విరుగుడులు మూడు: విద్యార్థి వేతనములిచ్చి యువతను పట్టభద్రులను చేయుట, నర్సులు స్వయముగా పరిశోధన చేయుటకు ప్రోత్సాహమిచ్చుట, ఏ వైద్యశాలలో నున్నను సైనిక నర్సు పాటింపవలసిన పరిచర్యా ప్రమాణములను లిఖితపూర్వకముగా నిర్ణయించుట. ఆ ప్రమాణములు 1981లో సైన్యము పక్షమున వెలువడెను. ఈ మూడవది చూచుటకు నీరసమైన పనివలె దోచును. వీరగాథలలో దానికి చోటుండదు. కాని ప్రమాణము వ్రాసియుంచినప్పుడే నర్సు, ‘ఇంత మందికి ఇంత మంది లేనిదే పని సాగదు’ అని పై అధికారికి ఎదురుగా నిలిచి చెప్పగలదు. వ్రాతలేని హక్కు బ్రతిమాలుకొనుటతో సమానము.

1983లో ఆమె సైన్యమునుండి విశ్రాంతి పొందెను. జనరళ్ళు విశ్రాంతి పొందిన పిదప స్వీయచరిత్రలు వ్రాసికొందురు, లేదా సంస్థల పాలకవర్గములలో చేరుదురు. ఆమె అమెరికా నర్సుల సంఘమున ప్రభుత్వ వ్యవహారముల విభాగమునకు నాయకత్వము వహించి, రాజధానిలో శాసనకర్తల గదుల చుట్టు తిరుగు పని నెత్తికెత్తుకొనెను. ఇందొక చారిత్రక వ్యంగ్యము కలదు. దక్షిణ రాష్ట్రములలోని శాఖలు నల్లజాతి నర్సులను చేర్చుకొనకుండుటచేత, వారికి ఆ సంఘములో నేరుగా సభ్యత్వమిచ్చు పద్ధతి 1948లో గాని రాలేదు. ఆ మీదటనే, ఇక వేఱు సంఘమవసరము లేదని, స్టాపర్స్ నడపిన జాతీయ సంఘము 1951లో తన్నుతాను రద్దుచేసికొనెను. ముప్పదియైదేండ్లలో ఆ సంఘమే తన వాణిని వినిపించు బాధ్యతను ఒక నల్లజాతి స్త్రీకి అప్పగించెను.

ఆ కాలము వైద్యవిధానమున పెనుమార్పుల కాలము. వృద్ధుల వైద్యవ్యయమును భరించు మెడికేర్ అను పథకము 1983 అక్టోబరు నుండి, రోగి ఎన్నాళ్ళు వైద్యశాలలో నుండెనని చూడక, ఏ రోగమునకు ఎంత అని ముందుగనే కట్టిన మొత్తమును మాత్రమే చెల్లించుట ఆరంభించెను. ఫలితమేమి? రోగిని ఎంత త్వరగా ఇంటికి పంపిన వైద్యశాలకు అంత లాభము. పడకలపై మిగిలినవారు మునుపటికంటె జబ్బు ముదిరినవారు. ఇండ్లకు పోయినవారు పూర్తిగా కోలుకొననివారు. ఇరువురి భారమును నర్సు మీదనే పడెను. లెక్కల కాగితముపై ఒక గణకుడు గీసిన గీత వార్డులో నర్సు వీపు నెట్లు వంచునో చెప్పుటకు, ఆ గీత గీయు చోటనే నర్సు ఉండవలెను. ఇదియే ఆమె జీవితపు కడపటి అధ్యాయపు సారాంశము.

అందుకే ఆమె జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయమున బోధించి, పిమ్మట వర్జీనియాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయమున ఆచార్యురాలై, అక్కడి ఆరోగ్యవిధాన కేంద్రమును నడపెను. నర్సులకు నాడి చూచుట నేర్పినట్లే చట్టపు ముసాయిదా చదువుట, ప్రభుత్వపు పద్దులలో రోగి ఎక్కడ దాగియున్నాడో కనిపెట్టుట నేర్పవచ్చునని నమ్మిన సంస్థ అది. 1997 వఱకు ఆమె ఆచార్యత్వము సాగెను.

ఆమె చరిత్రను ప్రతిభకు దక్కిన విజయమని మాత్రమే చెప్పుకొనుట సులభము. అది సగము సత్యము. ఆమెవంటి ప్రతిభావంతులు 1941లోను ఉండిరి. వారికి దక్కినది 56 స్థానములలో ఒకటి, లేదా అదియు లేదు. నియమము మాఱనిదే ప్రతిభ గుమ్మముకడ నిలిచియుండును. ప్రతిభ లేనిదే మాఱిన నియమము ఖాళీ కుర్చీగా మిగులును. స్టాపర్స్ మొదటిదానిని సాధించినది, హేజెల్ రెండవదానిని సార్థకము చేసినది. అంతటితో నిలువక, వెనుక వచ్చువారికై నియమములు వ్రాయు చోటికే తాను నడచినది. చదువు, హోదా, చట్టము అను మూడును కూడినప్పుడే పరిచర్యకు గౌరవము నిలుచునని ఈ ఒక్క జీవితము నిరూపించుచున్నది.

తుదకొక ముచ్చట. 1991లో పర్షియా సింధుశాఖ యుద్ధము జరుగునప్పుడు, సైనిక నర్సులనేకులు ఎడారికి తరలిపోగా, వర్జీనియాలోని ఫోర్ట్ బెల్వాయిర్ సైనిక వైద్యశాలయందు శస్త్రచికిత్సా విభాగమున చేతులు చాలలేదు. అప్పుడు అరువదిమూడేండ్ల ఆ విశ్రాంత జనరల్ స్వచ్ఛందముగా వచ్చి, తాను మొదట నేర్చిన పనిలో నిలిచెను. 2011 ఆగస్టు 5వ తేదీన, ఎనుబదిమూడవ యేట, డెలావేర్ రాష్ట్రములోని విల్మింగ్టన్‌లో ఆమె కన్నుమూసెను. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానవాటికలో ఆమెను ఖననము చేసిరి.

హేజెల్ జాన్సన్ నక్షత్రము ధరించుటకు మూడేండ్లు పూర్వమే, 1976లో, మన దేశమున గెర్ట్రూడ్ ఆలిస్ రామ్ అను నర్సు మేజర్ జనరల్ అయి, భారత సేనలలో ఆ అంతస్తు నందుకొన్న ప్రథమ మహిళగా నిలిచెను. 1888 మార్చిలో బొంబాయి రేవున దిగిన పదిమంది నర్సులతో మొదలైన మన సైనిక పరిచర్యా విభాగము అచటి వఱకు వచ్చిన వైనమును వచ్చు ప్రకరణమున చదువుకొందము.

(సశేషము)